ఓటు గవర్నరు దయా? మనిషి హక్కా?

2026 నవంబరు 3, మంగళవారం. ఆ రోజు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఓటర్ల ముందుకు ఒక ప్రశ్న వస్తున్నది. నేరం చేసి, శిక్ష పూర్తిగా అనుభవించి, జైలు గేటు దాటి బయటికొచ్చిన మనిషికి ఓటు దానంతటదే తిరిగి రావాలా? లేక ఇప్పటిదాకా ఉన్నట్టు గవర్నరు దయతలిస్తేనే రావాలా?

ఈ సంగతి ఒక గూడెంలో చెబుతుంటే ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి అడిగాడు. "అయ్యవారూ, మన సర్పంచి సంగతి చెప్పకుండా ఎక్కడో అమెరికా సంగతి మాకెందుకయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ సంపాదకీయమంతా ఆయనకు జవాబే.

ముందు ఒక మాట గుర్తుచేస్తాం. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' అచ్చువేసి దాన్ని ఎవరికి అంకితమిచ్చాడు? నల్లబానిసల విడుదలకు పాటుపడిన అమెరికా ప్రజలకు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్‌ను చూసే. అంటే ఈ చుట్టరికం ఈనాటిది కాదు. వాళ్ల ఓటు కథ వింటుంటే మన ఊరి కథే విన్నట్టుంటుంది.

ఏమిటీ ఎన్నిక?

మనకు మధ్యంతర ఎన్నికలంటే ప్రభుత్వం కూలిపోతే గడువుకు ముందే వచ్చేవి. అమెరికాలో అట్లా కాదు. అక్కడ అధ్యక్షుణ్ణి నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు. ఆ నాలుగేళ్ల నడిమధ్యన, గడువు ప్రకారమే, వాళ్ల పార్లమెంటుకు ఎన్నికలొస్తాయి. ట్రంపు గెలిచింది 2024లో గనక 2026లో ఈ నడిమి ఎన్నిక. కింది సభలో ఉన్న 435 సీట్లకూ, పైసభలో సుమారు మూడోవంతు సీట్లకూ పోలింగు జరుగుతుంది.

వర్జీనియా వాటాకు కింది సభలో 11 సీట్లు. 2024లో వాటిలో ఆరు డెమోక్రాట్లు, అయిదు రిపబ్లికన్లు గెలుచుకున్నారు. పైసభలో 2009 నుంచి కూర్చున్న మార్క్ వార్నర్ సీటుకూ ఈసారే ఎన్నిక. ఆయన డెమోక్రాటు, ఒకప్పటి గవర్నరు. సముద్రపొడ్డున ఉన్న రెండో నియోజకవర్గం మీద రెండు పార్టీల కళ్లూ ఉన్నాయి. అక్కడ 2022లో జెన్ కిగ్గన్స్ అనే రిపబ్లికన్, ఎలైన్ లూరియా అనే డెమోక్రాటు చేతిలోంచి సీటు లాక్కున్నారు. అసలీ సీట్ల సరిహద్దులు ఎట్లా గీయాలనే దాని మీద 2025 చివరి నుంచి శాసనసభలోనూ కోర్టుల్లోనూ పెద్ద తగాదా నడిచింది. హద్దులు గీసే చెయ్యి ఎవరిదో గెలుపు వాళ్లదని మనకూ తెలుసు. మన పేటను రెండు వార్డులకు చీల్చి, రెంటిలోనూ మనల్ని తక్కువ చేసిన ఊళ్లు మనకు లేవా?

ఆ పదకొండు సీట్లలో రెండింటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మూడో నియోజకవర్గం నుంచి బాబీ స్కాట్ అనే నల్లజాతి నాయకుడు 1993 నుంచి సభలో ఉన్నాడు. నాలుగో దాని నుంచి జెనిఫర్ మెక్లెల్లన్ 2023లో గెలిచింది. వర్జీనియా నుంచి ఆ సభకు పోయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. స్కాట్‌కు ముందు ఆ రాష్ట్రం నుంచి గెలిచిన నల్లమనిషి ఎవరని వెదికితే జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ దగ్గర ఆగుతాం. ఆయన సభలో కూర్చున్నది 1890-91లో. నడుమ నూరేళ్లు ఖాళీ! నూరేళ్లపాటు అక్కడ నల్లవాళ్లలో చదువుకున్నవాడు లేడా? నిలబడేవాడు లేడా? ఉన్నారు. లేనిది ఓటు. ఆ ఓటు ఎట్లా పోయిందో చూద్దాం.

1902లో ఏం జరిగింది?

ఇంగ్లీషువాళ్ల వలసలో మొదటి ఆఫ్రికా మనుషుల్ని 1619లో ఓడ దించింది ఈ వర్జీనియా ఒడ్డునే. బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకు రాజధాని అయిన రిచ్మండ్ ఈ రాష్ట్రంలోదే. యుద్ధంలో ఓడాక నల్లవాళ్లకు ఓటొచ్చింది. ఓటొస్తే ఊరకుంటారా? శాసనసభకు పోయారు, పార్లమెంటుకూ పోయారు. పెత్తందార్లకు కంటిమీద కునుకు పోయింది.

1901-02లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. వివక్ష చూపడం కోసమే మనమిక్కడ కూర్చున్నామని కార్టర్ గ్లాస్ అనే నాయకుడు ఆ సభలోనే బాహాటంగా చెప్పాడు. దాచుకోలేదు. అయితే "నల్లవాడికి ఓటు లేదు" అని రాస్తే కేంద్ర రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని తెలివిగా రాశారు. ఓటుకు పన్ను పెట్టారు. ఏడాదికి డాలరున్నర, అదీ మూడేళ్లది ముందే కట్టాలి. రాజ్యాంగంలో ఒక ముక్క చదివి అర్థం చెప్పమన్నారు. సరిగ్గా చెప్పాడో లేదో తేల్చేది తెల్ల అధికారి. ఫలానా నేరాలు చేసినవాడికి ఓటు లేదనే నిబంధన అంతకుముందే ఉంటే, ఆ నేరాల జాబితాను పెంచారు. పైగా ఈ రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకు పెట్టకుండా తామే అమల్లోకి తెచ్చుకున్నారు. ప్రజల ముందుకు పోతే నల్లవాళ్లూ ఓటేస్తారుగదా, ఆ భయం! రెండు మూడేళ్లలో నల్లవాళ్ల ఓట్లు గుప్పెడయినాయి. పేద తెల్లవాళ్ల ఓట్లూ వాటితోపాటే ఊడిపోయాయి.

ఇందులో ఎక్కడా జాతి పేరు లేదు చూశారా? మన దేశంలోనూ 1950కి ముందు ఓటు ఎవరికి? పన్ను కట్టేవాడికి, భూమి ఉన్నవాడికి, చదువుకున్నవాడికి. "మాల మాదిగలకు ఓటు లేదు" అని ఆ చట్టంలో రాయలేదు. రాయాల్సిన పనేముంది? భూమిలేనోడు ఎవరో, బడి గడప తొక్కనీయకుండా చేసింది ఎవరినో అందరికీ తెలిసిందే. అందుకే అంబేడ్కర్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు, 1928లో సైమన్ కమిషన్ ముందు ఓటు కోసం అంతగా వాదించింది. ఆస్తిని చూసి కాదు, మనిషిని చూసి ఓటివ్వమన్నాడు.

వర్జీనియాలో ఓటు పన్ను 1966లో పోయింది. అదీ పాలకుల మంచితనం వల్ల కాదు. అనీ హార్పర్, ఎవలిన్ బట్స్ అనే నల్లజాతి స్త్రీలు కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు కొట్టేసింది. పన్ను పోయింది, పరీక్ష పోయింది. నేరం పేరుతో ఓటు తీసేసే నిబంధన మాత్రం 1971లో రాసుకున్న రాజ్యాంగంలోకీ వచ్చి కూర్చుంది.

గవర్నరు మారితే ఓటు మారుతుంది

అక్కడి చట్టంలో ఫెలనీ అనే తరగతి నేరం చేసినవాడికి ఓటు పోతుంది. శిక్ష అయిపోయినా తిరిగి రాదు. గవర్నరు సంతకం పెడితేనే వస్తుంది. ఫెలనీ అంటే హత్యలు, దోపిడీలేనని అనుకోకండి. 2018 దాకా ఆ రాష్ట్రంలో 200 డాలర్ల విలువగల వస్తువు దొంగిలించినా ఫెలనీయే. ఒక సెల్‌ఫోను చాలు, జీవితాంతం ఓటు పోవడానికి. ఆ హద్దును 2018లో 500 డాలర్లకు, 2020లో వెయ్యికి పెంచారు. అంతకుముందు పడినవాళ్ల శిక్ష మాత్రం అట్లాగే ఉంది.

సంతకం సంగతి చూడండి. 2016 ఏప్రిల్‌లో టెర్రీ మెకాలిఫ్ అనే గవర్నరు ఒక్క ఉత్తర్వుతో రెండు లక్షలమందికి పైగా ఓటు ఇచ్చాడు. జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, గంపగుత్తగా ఇవ్వడానికి వీల్లేదంది. అప్పుడాయన ఒక్కొక్క పేరు మీద విడివిడిగా ఉత్తర్వులిస్తూ పోయాడు. 2021లో రాల్ఫ్ నార్తమ్ అనే గవర్నరు జైలు నుంచి బయటికొచ్చిన ప్రతివాడికీ ఇస్తానన్నాడు. 2022లో గ్లెన్ యంగ్‌కిన్ వచ్చాడు. అందరికీ కుదరదు, దరఖాస్తు పెట్టుకోండి, ఒక్కొక్కరినీ చూసి ఇస్తామని పద్ధతి మార్చాడు.

మనిషి అదే. నేరం అదే. అనుభవించిన శిక్షా అదే. 2021లో బయటికొచ్చినవాడికి ఓటుంది, 2023లో వచ్చినవాడు అర్జీ పట్టుకొని నిలబడాలి. ఇది చట్టమా? ఇది దొర గడప! పండక్కి దొరగారి మనసు బాగుంటే పాత పంచె దొరుకుతుంది, బాగోకపోతే తిట్లు దొరుకుతాయి. మన తాతలకు ఈ గడప బాగా తెలుసు.

2025 నవంబరులో అక్కడ గవర్నరుగా ఎబిగైల్ స్పాన్‌బర్గర్ గెలిచింది. ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. లెఫ్టినెంటు గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ మన హైదరాబాదులో పుట్టిన మనిషి. మంచిదే. కానీ మంచి గవర్నరు వచ్చిందని నల్లవాళ్ల సంఘాలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. మంచి దొర దిగిపోతే చెడ్డ దొర వస్తాడని వాళ్లకు అనుభవం. అందుకే ఓటును దొర చేతుల్లోంచే తీసేయమంటున్నారు. నవంబరు ప్రశ్న సారాంశం అదే. జైల్లో ఉన్నంతకాలం ఓటు ఉండదు, విడుదలైన నాడు దానంతటదే వస్తుంది, ఎవరి సంతకం అక్కర్లేదు అని రాజ్యాంగంలో రాయాలనేది ఆ సవరణ.

మిగిలిన రెండు ప్రశ్నలు

అదే రోజున మరి రెండు సవరణలూ ఓటుకొస్తున్నాయి. ఒకటి, గర్భం ఉంచుకోవాలా వద్దా అనే విషయంలో స్త్రీ హక్కును రాజ్యాంగంలో చేర్చడం. 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఆ హక్కుకు ఉన్న రక్షణ తీసేశాక దక్షిణాది రాష్ట్రాలు వరసగా నిషేధాలు తెచ్చాయి. వర్జీనియా తేలేదు. రెండోది, పెళ్లి అంటే మగా ఆడా మధ్యనే అని 2006లో రాసుకున్న నిబంధనను తీసేసి, పెద్దవాళ్లయిన ఇద్దరి పెళ్లిని ఆడా మగా తేడా చూడకుండా, జాతి చూడకుండా గుర్తించడం.

పెళ్లి మాటకొస్తే వర్జీనియాకు పాత పాపం ఒకటుంది. రిచర్డ్ లవింగ్ తెల్లవాడు. మిల్డ్రెడ్ నల్లజాతి స్త్రీ. 1958లో పెళ్లి చేసుకున్నారు. పోలీసులు రాత్రిపూట పడకగదిలోకి చొరబడి పట్టుకుపోయారు. పాతికేళ్లు రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే జైలు తప్పిస్తానన్నాడు జడ్జి. 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మనకు కులాంతర వివాహాన్ని నిషేధించే చట్టం లేదు. చట్టం లేకపోయినా 2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో మనం చూడలేదా? ఆస్పత్రి ముందు, గర్భిణీ భార్య పక్కనుండగా, దళిత యువకుణ్ణి నరికించారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. వర్జీనియాలో రాజ్యాంగ సవరణకు శాసనసభ రెండుసార్లు ఒప్పుకోవాలి, నడుమ ఒక ఎన్నిక జరగాలి, ఆ తర్వాత ప్రజలు ఓటేయాలి. మన రాజ్యాంగాన్ని నూరుసార్లకు పైగా సవరించారు. ఒక్కసారైనా మాలపల్లె ముందుకో మాదిగవాడ ముందుకో వచ్చి అవునా కాదా అని అడిగారా? లేదు. అడిగితే బాగుండునని మొదట మాకూ అనిపించింది. కానీ 2006లో ఆ పెళ్లి నిబంధన పెట్టిందీ ఇదే ప్రజల ఓటు. నూటికి 57 మంది ఒప్పుకున్నారు. కొద్దిమంది హక్కును ఎక్కువమంది చేతులెత్తి తీసేశారు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మనోళ్లు తాగే చెరువు నీళ్ల దగ్గర. ఆ నీళ్లు శుభ్రంగా ఉండాలా వద్దా అని ఊరంతటినీ ఓటడిగితే ఎవరు గెలిచేవాళ్లు? కాబట్టి ప్రజల ఓటు మంచి పనిముట్టే, కానీ పనిముట్టే. గవర్నరు దయ మీద బతకడం ఎంత తప్పో, ఎక్కువమంది దయ మీద బతకడమూ అంతే తప్పు. హక్కును రాజ్యాంగంలో పాతాలి, పాతినదాన్ని కాపలా కాయాలి.

కాపలా కాయకపోతే ఏమవుతుందో ఫ్లోరిడా చెబుతుంది. 2018 నడిమి ఎన్నికల్లో అక్కడా ఇదే ప్రశ్న పెట్టారు. నూటికి 64 మందికి పైగా ఒప్పుకున్నారు. పది లక్షలమందికి పైగా ఓటొస్తుందని పండగ చేసుకున్నారు. 2019లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. కోర్టు జరిమానాలు, ఫీజులు అన్నీ కడితేనే శిక్ష పూర్తయినట్టు అంది. జైలు నుంచి వచ్చినవాడి దగ్గర డబ్బెక్కడిది? 2020లో అప్పీలు కోర్టు కూడా ఆ చట్టం సరేనంది. 1966లో చచ్చిన ఓటు పన్ను వేషం మార్చుకొని లేచొచ్చింది. ఓటుపెట్టెలో గెలిచినదాన్ని ఆఫీసు కాయితంలో లాక్కున్నారు. వర్జీనియాలో గెలుపొచ్చినా అక్కడివాళ్లు నిద్రపోకూడదని దీని అర్థం.

మరి మన సంగతి?

పెద్దాయనా, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన దేశంలో శిక్ష పూర్తయి బయటికొస్తే ఓటు వెంటనే వస్తుంది, ఎవరి దయా అక్కర్లేదు. ఆ విషయంలో వర్జీనియా కంటే మనమే మెరుగు. కానీ లోపల ఉన్నవాళ్ల సంగతి చూడండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షను ప్రకారం జైల్లో ఉన్నవాడికి, పోలీసు కస్టడీలో ఉన్నవాడికి ఓటు లేదు. నేరం రుజువైందా లేదా అని చూడదు. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. 1997లో సుప్రీంకోర్టు ఈ సెక్షను సరైనదేనంది. వర్జీనియాలోనయితే విచారణ కోసం జైల్లో ఉన్నవాడు, ఫెలనీ శిక్ష పడనంతవరకు, ఓటేయొచ్చు. ఆ విషయంలో వాళ్లు మెరుగు.

2022 చివరికి మన జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురు ఇంకా నేరస్తులని తేలనివాళ్లే. దళితులు, ఆదివాసులు, ముస్లిములు జనాభాలో తమ వాటా కంటే జైళ్లలో ఎక్కువున్నారు. బెయిలొచ్చినవాడు ఓటేయొచ్చు. బెయిలెవరికి వస్తుంది? జామీను పెట్టడానికి పొలం కాయితాలున్నవాడికి. 1902 నాటి వర్జీనియా లాగే, ఇక్కడా సెక్షనులో కులం పేరు లేదు!

ఇంకో విచిత్రం. జైల్లో ఉన్నవాడు ఎన్నికల్లో నిలబడొచ్చని 2013లో చట్టం సవరించారు. 2024లో ఇంజనీర్ రషీద్ తీహార్ జైల్లో విచారణ ఖైదీగా ఉండి బారాముల్లా నుంచి పార్లమెంటుకు గెలిచాడు. లక్షలమంది ఓట్లు తీసుకోవచ్చు, తన ఒక్క ఓటు వేసుకోకూడదు. నాయకుడికి దారి తీశారు, మామూలు ఖైదీకి తలుపు మూశారు.

మేము బడిపంతుళ్లం. ఎన్నికల డ్యూటీలు చేసినవాళ్లం. ఒక ఊళ్లో పోలింగు ఏజెంటు చేతిలో మనోళ్ల పేర్ల పక్కన పెన్సిలు గుర్తులు చూశాం. అడిగితే "వీళ్లు రిమాండులో ఉన్నార్లెండి మేష్టారూ, రారు" అని నవ్వాడు. నెల ముందు మనోళ్లు అట్రాసిటీ కేసు పెడితే, ఎదుటివాళ్లు కౌంటరు కేసు పెట్టారు. మన కుర్రాళ్లే లోపలికి పోయారు. సర్పంచి పదవి పట్టుమని పది ఓట్ల తేడాతో పోయింది. ఆ కేసు తర్వాత కొట్టేశారు. కేసు కొట్టేస్తే పోయిన ఎన్నిక తిరిగొస్తుందా? ఓటు తీసేయడానికి ఇప్పుడు తుపాకులు అక్కర్లేదు, ఒక ఎఫ్ఐఆర్ చాలు.

కాబట్టి మనం అడగాల్సింది ఇది. నేరం రుజువు కానివాడికి జైల్లోనే పోస్టల్ బ్యాలెట్ ఇవ్వాలి. నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఇస్తున్నప్పుడు వీళ్లకెందుకు ఇవ్వరు? 62(5) సెక్షనును సవరించాలని ఓట్లడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ మన వాడలో నిలబెట్టి అడగాలి. సంఘ కార్యకర్తలు ఊరూరా ఒక పని చేయాలి. మన పేటలో రిమాండులో ఎవరున్నారు, ఎన్నాళ్లనుంచి ఉన్నారు, బెయిలు ఎందుకు రాలేదు అని పేర్లు రాయాలి. విడుదలైనవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయో లేదో చూడాలి. ఊళ్లో లేడని కొట్టేసి ఉంటే ఫారం 6 నింపించి మళ్లీ చేర్పించాలి. ఎన్నికలు వచ్చాక కాదు, ఇప్పుడే.

ఉత్తర వర్జీనియాలో మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు. అక్కడ పౌరసత్వం పొంది ఓటున్నవాళ్లకు ఒక మాట. మీతోపాటు కులమూ విమానమెక్కి సముద్రం దాటిందని మాకు తెలుసు. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. మీకు అక్కడ ఓటు, పౌరసత్వం, గౌరవం దొరికింది నల్లవాళ్లు దెబ్బలు తిని చట్టాలు మార్పించినందువల్ల. నవంబరు 3న ఆ బాకీలో కొంతయినా తీర్చుకోండి. దళితులయినవాళ్లు తమ తాతల్ని తలచుకొని ఓటేయండి.

ఆ రోజు వర్జీనియా ఏం చెప్పినా మన పని మనకుంది. వాళ్లు గెలిస్తే, ఓటును దొర గడప నుంచి దించొచ్చని మనకు ధైర్యం. ఓడితే, పోరాటం ఇంకా ఉందని తెలుస్తుంది. ఓటు ఒకరు ఇచ్చేదయితే ఒకరు తీసుకుపోతారు. మనిషిగా పుట్టినందుకు వచ్చిన ఓటును ఎవడూ తీసుకుపోలేడు.

పెద్దాయనా, అందుకే ఎక్కడో అమెరికా.

జై భీమ్!